ముందు తేదీ చూడు నాయనా

రా నాయనా, ఆ అరుగు మీద కూర్చో. బండి నీడలో పెట్టినావా? ఫోను కాసేపు జేబులో పెట్టు. నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలుసు. చేతిలో మూడు లక్షలు చేరాయి, ఏ బ్యాంకులో వేస్తే వడ్డీ జాస్తి వస్తుందో అవ్వని అడుగుదామని వచ్చావు. మంచి బుద్ధే. డబ్బు చేతికి రాగానే కొత్త బండి కొనకుండా, దాచుకుందామని అనుకున్నావు చూడు, అక్కడే సగం గెలిచావు. కానీ నాయనా, నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఎంత వడ్డీ అని తర్వాత అడుగుదువు, ఈ డబ్బుతో నీకు ఎప్పుడు పని పడుతుందో ముందు చెప్పు.

చెప్పలేవు. నాకు తెలుసు చెప్పలేవని. మీ వయసులో ఎవరూ చెప్పలేరు. అందుకే తొందర.

నేను పుంగనూరులో పుట్టి, మదనపల్లెలో మెట్టి, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. బిడ్డనేమో కుప్పం ఇచ్చాను. ఈ మూడు ఊళ్లలోనూ డబ్బు వచ్చే దారి వేరు, పోయే దారి మాత్రం ఒకటే. మదనపల్లెలో టమోటా తెస్తుంది. పుంగనూరు పక్క పాడి తెస్తుంది. కుప్పం పిలకాయలు తెల్లవారకముందే లేచి బెంగళూరు రైలెక్కి తెస్తారు. పోయేది ఎక్కడంటావా? ‘రెండు రూపాయల వడ్డీ ఇస్తా’ అన్నవాడి చేతికి.

2023 జూలై ఆఖర్లో మన మదనపల్లె యార్డులో మొదటి రకం టమోటా కిలో రెండు వందల దాకా పలికింది, గుర్తుందా? అంతకు ముందు ఏళ్లలో క్రేట్లకు క్రేట్లు రోడ్డు పక్కన పారబోసిన రైతులే ఆ నెల మండీ నుంచి నోట్ల కట్టలతో ఇంటికొచ్చారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర మళ్లీ నేలకి దిగింది. ఆ రెండు నెలల డబ్బు నిలబెట్టుకున్న వాళ్లు మా వీధిలో ఉన్నారు, నిలబెట్టుకోలేని వాళ్లూ ఉన్నారు. నిలబెట్టుకున్న వాళ్లేమీ జాస్తి తెలివిగలవాళ్లు కాదు. డబ్బు చేతిలో పడిన వారంలోనే దాన్ని తీసుకెళ్లి చేయి అందని చోట పెట్టారు, అంతే. పొంగే పాల గిన్నెని పొయ్యి మీంచి దించినట్టు. ఫిక్స్‌డ్ డిపాజిట్ అనేది అంతకంటే పెద్ద విద్యేమీ కాదు. మన చేయి మనకే అందకుండా పెట్టుకునే ఉట్టి అది.

‘ఏడు శాతమేనా అవ్వా?’ అని మొహం చిట్లిస్తున్నావు. ఏడు శాతం అంటే మన ఊరి లెక్కలో నూటికి నెలకి యాభై ఎనిమిది పైసలు. అర్ధరూపాయి వడ్డీకి కాస్త పైన. బయట రెండు రూపాయలిస్తామంటే, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతమంటే, యాభై ఎనిమిది పైసలు చూసి ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది.

ఆ నవ్వు నాకెంతకి పడిందో చెప్తాను విను. తొంభైల మాట. అప్పట్లో బ్యాంకులే పన్నెండు, పదమూడు శాతం ఇచ్చేవి, అంటే రూపాయి వడ్డీ. అది చాలలేదు నాకు. తెలిసినవాడే, ఇంటికొచ్చి కాఫీ తాగి పోయేవాడే. నలభై వేలు ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకిచ్చాను. నెలకి ఎనిమిది వందలు, ఒకటో తేదీ పొద్దున్నే తెచ్చిచ్చేవాడు. పద్నాలుగు నెలలు ఠంచనుగా తెచ్చాడు. తర్వాత వారం ఆలస్యం, తర్వాత నెల ఆలస్యం, తర్వాత మనిషే కనబడలేదు. అడగడానికి మొహమాటం. నోటు తిరగరాయించుకోవాలని తెలిసి కూడా, మూడేళ్లు దాటితే అది చిత్తుకాగితమని తెలిసి కూడా, మొహమాటంతో ఊరుకున్నాను. మూడేళ్లు దాటిపోయాయి. పద్నాలుగు ఎనిమిది వందలు పదకొండు వేల రెండు వందలు. నా నలభై వేలలోంచే తీసి, వడ్డీ అని పేరు పెట్టి, పద్నాలుగు నెలలపాటు నా డబ్బే నాకిచ్చాడు. మిగిలిన ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు హరీ. పిల్లలకి చక్రవడ్డీ చెప్పే టీచరు! బోర్డు మీద రాసి చెప్పేది ఒకటి, ఇంట్లో చేసింది ఒకటి.

నేనొక్కదాన్నే అయితే నా ఖర్మ అనుకుందును. అగ్రిగోల్డ్ చూశావు కదా. 1995లో మొదలైన కంపెనీ, ఊరూరా ఏజెంట్లు, ఏజెంట్లంతా మనవాళ్లే, పక్కింటి అన్నో, పెద్దమ్మ కొడుకో. 2014 ప్రాంతానికి డబ్బు తిరిగివ్వలేక నిలిచిపోయింది. సుమారు 32 లక్షల మంది, 6,380 కోట్ల రూపాయలు. కట్టినవాళ్లలో జాస్తి మంది కూలీనాలీ చేసుకునేవాళ్లు, చిన్న అంగళ్లవాళ్లు. 2019లో పదివేల లోపు కట్టినవాళ్లకి, 2021లో ఇరవై వేల లోపు వాళ్లకి మన రాష్ట్ర ప్రభుత్వమే ఖజానాలోంచి తీసిచ్చింది. అంతకంటే జాస్తి కట్టినవాళ్లకి ఆ ఊరట కూడా దక్కలేదు, కోర్టు వాయిదాలు దక్కాయి. నూటికి రెండు రూపాయలనే మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఆ 32 లక్షల మంది గుర్తొస్తారు. వాళ్లూ మంచి బుద్ధితో దాచుకున్నవాళ్లే నాయనా. దురాశపరులని తీసిపారెయ్యడానికి నాకు నోరు రాదు. తొందరపడ్డారు, అంతే.

అందుకని డబ్బు ఎక్కడ పెట్టాలనేదాన్ని ముందు తేల్చేద్దాం, అది చిన్న మాట. నువ్వు వేసేది బ్యాంకా, కాదా? బ్యాంకైతే, అది సర్కారుదైనా, ప్రైవేటుదైనా, ఈ కొత్తగా వచ్చిన స్మాల్ ఫైనాన్స్ బ్యాంకైనా, రిజర్వు బ్యాంకు వాళ్ల డిపాజిట్ బీమా ఉంటుంది. ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ అన్నీ కలిపి 5 లక్షల దాకా. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. అదే బ్యాంకులో మదనపల్లె బ్రాంచిలో మూడు, పుంగనూరు బ్రాంచిలో మూడు వేస్తే రెండు బీమాలు రావు, అన్నీ ఒక్క మూటే. ఫైనాన్స్ కంపెనీకి, పరపతి సొసైటీకి, ‘మా సంస్థ’ అని చెప్పుకునేవాడికి ఆ బీమా లేదు. పోస్టాఫీసు వేరే సంగతి, అక్కడ వేసినదానికి మొత్తం కేంద్ర ప్రభుత్వమే పూచీ. ఒకటి, రెండు, మూడు, అయిదేళ్లకి టైమ్ డిపాజిట్ వేసుకోవచ్చు. ఈమధ్య అయిదేళ్లదానికి ఏడున్నర శాతం ఇస్తున్నారు. కాకపోతే కొన్నాళ్ల దాకా దాన్ని కదిలించలేవు. నాలాంటిదానికి అదే మేలు, నీలాంటి తొందరవాడికి ఇంకా మేలు.

ఇక నేను మొదట అడిగిన మాటకొద్దాం. ఎప్పుడు పని పడుతుంది?

మొన్నొక కుర్రాడు వచ్చాడు, నీ ఈడువాడే. ఏడాదికి వేస్తే ఆరున్నర, అయిదేళ్లకి వేస్తే ఆరూ ముప్పావు అన్నారట. పావు శాతం జాస్తి కదా అని లక్ష రూపాయలు అయిదేళ్లకి వేసేశాడు. పావు శాతమంటే లక్షకి ఏడాదికి రెండు వందల యాభై. సరిగ్గా ఏడాదికి చెల్లెలి కాలేజీ ఫీజు వచ్చిపడింది. వెళ్లి డిపాజిట్ పగలగొట్టాడు. అప్పుడు బ్యాంకువాళ్లు ఆరూ ముప్పావు లెక్క కట్టరు నాయనా. డబ్బు నిజంగా ఎన్నాళ్లుందో అన్నాళ్ల రేటే కడతారు, అంటే ఏడాదిది, ఆరున్నర. దాంట్లోంచి మళ్లీ జరిమానా ఒక శాతం కోస్తారు. కొన్ని బ్యాంకుల్లో అర శాతమే. ఇతని బ్యాంకులో ఒకటి. అయిదున్నర లెక్కన వచ్చింది అయిదు వేల ఆరు వందల చిల్లర. మొదటే బుద్ధిగా ఏడాదికి వేసుంటే ఆరు వేల ఆరు వందల అరవై వచ్చేది. రెండు వందల యాభై కోసం ఎగబడితే వెయ్యి పోయింది. ‘బ్యాంకు మోసం చేసింది అవ్వా’ అన్నాడు. బ్యాంకేం మోసం చెయ్యలేదు, అదంతా ఆ కాగితంలోనే ఉంది. వీడే చెల్లెలి ఫీజు తేదీ మర్చిపోయాడు.

అందుకే ముందు తేదీ చూడమంటాను. మన ఇళ్లల్లో డబ్బుకి పని పడే రోజులు కొత్తగా పుట్టవు. జూన్‌లో పిల్లల ఫీజులు. వానలు మొదలైతే చెనిక్కాయ విత్తనాలు, ఎరువులు. టమోటా నారు, కట్టెలు, దారాలు, మందులు. గంగ జాతరకి ఇంటికొచ్చే ఆడబిడ్డలకి చీరలు. వీటిలో ఏది నీ చెవిన పడకుండా వస్తుంది చెప్పు? గోడ మీద క్యాలెండరు తీసి ముందర పెట్టుకో. ఫీజు జూన్ పదో తేదీ అయితే నీ డిపాజిట్ బాండు మే నెలలో చేతికి రావాలి. ఏడాది, రెండేళ్లు అని రౌండుగా వెయ్యాలని ఎక్కడా లేదు. వారం నుంచి పదేళ్ల దాకా నీ ఇష్టం, రోజుల లెక్కన కూడా వేస్తారు. ‘ఇన్ని నెలల ఇన్ని రోజులకి వెయ్యండి’ అని అడిగితే కౌంటర్లో అమ్మాయి ఒకసారి తలెత్తి చూస్తుంది, చూడనీ.

ఇంకొకటి. మూడు లక్షలూ ఒకే బాండుగా వెయ్యొద్దు. మీ నాయనని అడుగు, ఉన్న మూడెకరాలూ ఒకే వారం నాటుతాడేమో. నాటడు. ఒక మడి ఇప్పుడు, ఒక మడి ఇరవై రోజులాగి, ఇంకొకటి ఆ తర్వాత. అన్ని కాయలూ ఒకే రోజు యార్డుకి తోలితే ఆ రోజు ధర పడితే కొంప మునుగుతుందని ఆయనకి తెలుసు. వడ్డీ రేటూ యార్డు ధర లాంటిదే, కొంచెం మెల్లగా కదులుతుంది, అంతే. నేను పన్నెండు చూశాను. కరోనా ఏళ్లలో అయిదు, అయిదున్నరకి పడిపోవడమూ చూశాను. మళ్లీ ఏడుకి లేచింది. 2025లో రిజర్వు బ్యాంకు తను బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీని, అదే రెపో రేటుని, ఆరున్నర నుంచి అయిదూ పావుకి దించింది, దాని వెనకే డిపాజిట్ రేట్లూ దిగాయి. కానీ ముందే బాండు వేసుకున్నవాడికి వేసిన రోజు రాసిన రేటే చివరిదాకా. ఫిక్స్‌డ్ అని ఊరికే అనలేదు కదా. కాబట్టి లక్ష ఏడాదికి, లక్ష రెండేళ్లకి, లక్ష మూడేళ్లకి వెయ్యి. ఏటా ఒకటి చేతికొస్తుంది. పని ఉంటే వాడుకో, లేదంటే ఆ రోజు రేటుకి మళ్లీ మూడేళ్లకి వెయ్యి. ఉన్నట్టుండి పని పడితే ఒక్కటే పగలగొడతావు, తక్కిన రెండిటి జోలికి పోవు.

పగలగొట్టే ముందు కూడా ఒక మాట అడుగు. డిపాజిట్ మీద అప్పిస్తారు. అసల్లో తొంభై శాతం దాకా ఇస్తారు, నీకొచ్చే వడ్డీ కంటే ఒకటో రెండో శాతం జాస్తి తీసుకుంటారు. గడువు ఇంకో రెండు నెలలుందనగా బాండు పగలగొట్టడం కంటే ఇది నయం. అమ్మ మెడలో గొలుసు తీసుకెళ్లి కుదువ పెట్టడం కంటే మరీ నయం. మీ పిలకాయలు ఎందుకో గొలుసు కోసమే ముందు చూస్తారు.

చక్రవడ్డీ కావాలో, మూణ్ణెల్లకోసారి చేతికి కావాలో అడుగుతారు. జీతం వస్తోంది కదా నీకు, చేతికెందుకు? లక్ష రూపాయలు ఏడు శాతానికి అయిదేళ్లు కదిలించకుండా ఉంచితే లక్షా నలభై ఒక్క వేల నాలుగు వందల డెబ్బై ఎనిమిది. అదే మూణ్ణెల్లకోసారి వడ్డీ తీసుకుంటూ పోతే పదిహేడు వందల యాభై చొప్పున ఇరవై సార్లు, ముప్పై అయిదు వేలే. ఆరు వేల చిల్లర తేడా. పైగా ఆ పదిహేడు వందల యాభై ఏమవుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు, ఆ బిర్యానీ అంగడివాడికీ తెలుసు.

ధరలు పెరిగిపోతున్నాయి, ఏడు శాతం వాటికే సరిపోతుంది, ఇంక మిగిలేదేముంది అంటావు. నిజమే, కాదనను. దీంతో ఎవరూ మేడలు కట్టలేదు. నువ్వు బెంగళూరులో స్నేహితుల మాట విని షేర్లో, ఫండ్లో వేసుకుంటావు, వేసుకో, అది నాకు తెలిసిన విద్య కాదు. కానీ చెల్లెలి ఫీజు డబ్బు, నాయన ఆపరేషను డబ్బు, నారు పోసే డబ్బు, ఇవి పెరగకపోయినా పర్వాలేదు, ఆ రోజుకి ఉండాలి. పుంగనూరు ఆవుని చూసి ఒకప్పుడు మా ఊళ్లోనే నవ్వారు. మూడడుగుల ఆవు, ఏం పాలిస్తుందిలే అని జెర్సీల వెంట పడ్డారు. గుప్పెడు మేత తిని, కరువులోనూ నిలబడి, చిక్కటి పాలిచ్చిన ఆ జాతి అంతరించిపోయేదాకా వచ్చాక ఇప్పుడు లక్షలు పోసి కొంటున్నారు. మనవాళ్ల సంగతి అంతే.

బ్యాంకుకి వెళ్లినప్పుడు ఇంకో జాగ్రత్త. కౌంటర్ దగ్గర ఒక్కోసారి పక్కకి పిలిచి మంచినీళ్లిస్తారు. ఇచ్చి, ‘ఇది కూడా ఫిక్స్‌డ్ లాంటిదే సార్, ఇంకా జాస్తి వస్తుంది’ అంటారు. ఆ ‘లాంటిదే’ దగ్గర ఆగు. అది బీమా పాలసీ. ఏటేటా కట్టాలి, మధ్యలో ఆపితే కట్టిందాంట్లో కోత పడుతుంది. మా వదిన కొడుకు అలాగే సంతకం పెట్టి, రెండో ఏడు ‘ప్రీమియం కట్టండి’ అని ఫోనొచ్చేదాకా అది డిపాజిట్టే అనుకున్నాడు. ‘లాంటిది వద్దమ్మా, ఫిక్స్‌డే కావాలి’ అని అను. సిగ్గుపడకు. నా మొహమాటం నీకొద్దు.

ఆ తర్వాత నామినీ. ఈ మాట ఎత్తితే మీవాళ్లందరూ ‘అపశకునం మాటలెందుకు అవ్వా’ అంటారు. మా వీధిలో ఒకామె భర్త పోయాడు. మనిషి నెమ్మదస్తుడు, ఎక్కడేముందో ఇంట్లో చెప్పే అలవాటు లేదు. కర్మ అయ్యాక బీరువాలో చీరల అడుగున బాండు దొరికింది, నామినీ గడి ఖాళీ. ఆమె ఎన్నిసార్లు తిరిగిందో నేను చూశాను. వారసత్వ సర్టిఫికెట్టు, అఫిడవిట్టు, మరుదుల సంతకాలు. ఒక మరిది ఊళ్లో ఉండడు. ఇంకొక మరిది ఉన్నా పెట్టడు. భర్త ఒక్క గీత గీసుంటే, ఒక్క పేరు రాసుంటే, వారంలో అయిపోయే పని. 2025 నవంబరు నుంచి ఒకరు కాదు, నలుగురి పేర్లు రాయొచ్చు, ఎవరికెంత వాటానో కూడా రాయొచ్చు. నామినీకి ఇస్తారంటే ఆ డబ్బు నామినీ సొంతమైపోయిందని కాదు, వారసుల హక్కు వారసులకుంటుంది. అయినా బ్యాంకు గడప దాటడానికి ఆ పేరు ఉండాలి. పెళ్లయ్యాక అమ్మ పేరు పక్కన పెళ్లాం పేరు చేర్చు. చేర్చి, ఇద్దరికీ చెప్పు.

పదేళ్లు ఎవరూ అడగని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, తెలుసా? పోయినా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. ‘ఉద్గమ్’ అని ఒక వెబ్‌సైటు 2023లో పెట్టారు, చాలా బ్యాంకులవి ఒకేచోట వెతుక్కోవచ్చు. మీ తాత పేరు కొట్టి చూడు ఒకసారి, ఏమో.

పన్ను సంగతి రెండు ముక్కలు. వడ్డీ కూడా నీ ఆదాయమే, లెక్కలో చూపించు. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ యాభై వేలు దాటితే వాళ్లే కొంత కోస్తారు, నాలాంటి ముసలివాళ్లకి లక్ష దాకా కొయ్యరు. పాన్ ఇవ్వకపోతే జాస్తి కోస్తారు. మూడు లక్షలకి నీకు యాభై వేలు దాటే బాధ లేదులే. మాకు అర శాతం జాస్తి వడ్డీ కూడా ఇస్తారు. అలాగని నీ డబ్బు నా పేరు మీద వేస్తానని రాకు, రేపు నా నామినీతో నీకు తగువొస్తుంది.

ఆ ట్రంకుపెట్టె ఇలా లాగు. మెల్లగా, గొళ్లెం ఊడుతుంది. ఈ ప్లాస్టిక్ కవర్లో నాలుగు బాండ్లున్నాయి చూడు. ప్రతిదానికీ పైన పెన్సిల్‌తో తేదీ పెద్దగా రాసుంటాను, రేటు రాయను. ఇది మనవరాలి ఫీజుకి. ఇది నా కంటి ఆపరేషనుకి. ఇది గోడలకి సున్నం కొట్టించడానికి, ఇల్లు కురిస్తే దీన్నే పగలగొడతానని ముందే అనుకున్నాను. నాలుగోది దేనికో చెప్పను. గడువు తేదీ దాటి ఊరుకుంటే, మళ్లీ వెయ్యమని ముందే రాసివ్వకపోతే, సేవింగ్స్ వడ్డీకి దిగజారుతుందని నాకు భయం. అందుకని ప్రతి నెలా ఒకటో తేదీ ఈ కవరు తీసి చూస్తాను. పద్నాలుగు నెలలు ఒకటో తేదీన ఎనిమిది వందల కోసం గుమ్మం వైపు చూసిన అలవాటు అలా మార్చుకున్నాను.

మొదటిది మే 20న వస్తుంది. నువ్వూ అప్పటికి నీ క్యాలెండరు చూసుకుని, మూడు తేదీలు ఒక చీటీ మీద రాసుకుని రా. ఇద్దరం కలిసే బ్యాంకుకి పోదాం. ఎండ ఎక్కకముందే రా. బండి మాత్రం మెల్లగా నడపాలి, ముందే చెప్తున్నాను.